ఎల్‌ఎల్‌బీ పట్టా గారికి ఒక ప్లీడరు గుమాస్తా కృతజ్ఞతలు

మహారాజశ్రీ ఎల్‌ఎల్‌బీ పట్టా గారి సముఖానికి, ఒక జిల్లా కోర్టులో ప్లీడరు గుమాస్తాగా పనిచేస్తున్నవాడు నమస్కరించి రాసుకునేది ఏమనగా:

ఈ మధ్య తమరిని తిట్టనివారు లేరు. జడ్జీలు తిడుతున్నారు, సీనియర్లు తిడుతున్నారు, కొడుకు నల్లకోటు తొడిగి ఏడాది దాటినా ఇంటికి పది రూపాయలు తేలేదని తండ్రులు తిడుతున్నారు. నేను మాత్రం కృతజ్ఞతలు చెప్పుకోవడానికే కలం పట్టాను. పదో తరగతితో చదువు ఆపేసిన నాబోటివాడు ఇన్నేళ్లుగా ఒక సీనియర్ ప్లీడరు గారి ఆఫీసులో కుర్చీ కాపాడుకోగలిగాడంటే ఆ పుణ్యమంతా తమరిదే. కోర్టులో ఒక కాగితం ఎలా పుడుతుందో, ఏ బల్ల నుంచి ఏ బల్లకు పోతుందో, ఎక్కడ ఎందుకు ఆగిపోతుందో తమరు మీ విద్యార్థులకు చెప్పేసి ఉంటే నన్ను ఎప్పుడో ఇంటికి పంపేసేవారు. తమరు చెప్పలేదు. డిగ్రీ అయ్యాక చేరే మూడేళ్ల కోర్సులోనూ చెప్పలేదు, ఇంటర్ అయ్యాక చేరే ఐదేళ్ల కోర్సులోనూ చెప్పలేదు. రెండేళ్లు అదనంగా దొరికినా నోరు జారకపోవడం సామాన్యమైన నిగ్రహం కాదు.

తమరి గుమ్మం తొక్కడం కూడా ఏమంత కష్టం కాదని విన్నాను. లా కోర్సుల ప్రవేశ పరీక్ష లాసెట్‌లో 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు, అర్హతకు 42 మార్కులు, వయసుతో నిమిత్తం లేదు. అందుచేత బీకాంలు, బీటెక్‌లు, రిటైరైన తహసీల్దార్లు, ఇంకా సర్వీసులోనే ఉన్న ఉద్యోగులు అందరూ ఒకే బెంచీ మీద చేరతారు. చేరడం అంటే పేరు చేర్చుకోవడమే సుమా. ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు ఉండాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నాటి నిబంధనల్లో రాసుకున్నా, పొద్దున పదిన్నరకు మండలాఫీసు రిజిస్టరులో సంతకం పెట్టిన చెయ్యే అదే పదిన్నరకు నలభై కిలోమీటర్ల అవతల కాలేజీ రిజిస్టరులోనూ సంతకం పెట్టగలదు. ఒక మనిషి ఒకే సమయంలో రెండు చోట్ల ఉండలేడన్న వాదాన్ని తమరి పుస్తకాల్లో అలిబై అంటారట. ఆ వాదాన్ని కొన్ని కాలేజీలు విచారణ అక్కర్లేకుండానే కొట్టేశాయి. క్లాసు చూడకపోయినా బండి మీద ‘అడ్వొకేట్’ స్టిక్కరు మాత్రం మొదటి సెమిస్టరులోనే పడుతుంది.

అలాగని తమరు నేర్పే విద్య చిన్నదని నేను అనను. మొన్నీమధ్య మా ఆఫీసులో జూనియరుగా చేరిన కుర్రవాడికి నత్త కేసు కంఠతా వచ్చు. 1928లో స్కాట్లండ్‌లోని పెయిస్లీ ఊళ్లో ఒకావిడకు స్నేహితురాలు జింజర్ బీరు ఇప్పించిందట, సగం తాగాక సీసాలోంచి కుళ్లిన నత్త బయటపడిందట, 1932లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్తే, తయారీదారుకు ఆ సరుకు వాడే మనిషి పట్ల బాధ్యత ఉంటుందని తీర్పు వచ్చిందట. నేను గుమాస్తాను కనుక గుమాస్తా ప్రశ్నే అడిగాను: బాబూ, ఆ నత్తను ఎగ్జిబిట్‌గా మార్కు చేశారా? కుర్రవాడు తెల్లబోయాడు. లోపలి గదిలోంచి మా ప్లీడరు గారు నవ్వి, ఆ కేసు సాక్ష్యం దాకా పోనేలేదనీ, తీర్పు తరువాత తయారీదారు చనిపోయి వ్యవహారం రాజీ అయిందనీ, సీసాలో నత్త నిజంగా ఉందో లేదో ఏ కోర్టూ తేల్చలేదనీ చెప్పారు. నిరూపణ కాని ఆ నత్త తొంభై ఏళ్లుగా తమరి పరీక్ష పేపర్లలో పాకుతూనే ఉంది. తరువాత అదే కుర్రవాడికి సమన్ల కాగితాలిచ్చి, వాటిని బట్వాడా చేయించే కోర్టు ఉద్యోగి నాజరు గారికి అందజేసి రమ్మంటే, నాజరు గారు ఏ పార్టీ తరఫు అని అడిగాడు.

తమరి సిలబస్‌లో ప్రాక్టికల్స్ లేవని ఎవరైనా అంటే నేను ఊరుకోను. భేషుగ్గా ఉన్నాయి. కోర్టులో వేసే ప్లీడింగ్స్ పదిహేను, దస్తావేజులు పదిహేను, ఒక్కొక్కదానికి 3 మార్కుల చొప్పున రాయాలి. ఉత్తుత్తి కేసు వాదించే మూట్ కోర్టులు మూడు, పదేసి మార్కులు. ఒక సివిల్ కేసు, ఒక క్రిమినల్ కేసు కోర్టులో కూర్చుని చూసి రాస్తే 30 మార్కులు. ప్లీడరు ఆఫీసులో కక్షిదారుతో మాట్లాడే తీరు, కాగితాలు తయారుచేసి దాఖలు చేసే తీరు గమనించి డైరీ రాస్తే మరో 30. ఇవి కాక మూడేళ్ల కోర్సువారికి కనీసం 12 వారాల ఇంటర్న్‌షిప్. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లోనే శని.

ఆ శని ఎలా ఉంటుందో ఒక సాయంత్రం నా బల్ల ముందుకే వచ్చింది. సంతకం, స్టాంపు కావాలని ఒక అమ్మాయి రికార్డు పుస్తకం పట్టుకొచ్చింది. అందమైన దస్తూరి, చుట్టూ ఎర్ర స్కెచ్చి పెన్నుతో రెండు గీతల బార్డరు. తాను కోర్టులో చూసిన సివిల్ కేసు అంటూ రాసిన నంబరు చూస్తే అది మా ఆఫీసు దావాయే: అన్నదమ్ముల గట్టు తగాదా. అది లోక్ అదాలత్‌లో రాజీ అయి, కట్ట రికార్డు రూముకు చేరి ఎంతో కాలమైంది. వాది కాలం చేశాడు కూడా. రికార్డులో మాత్రం ఆయన కిందటి నెలలోనే బోనెక్కి, సర్వే నంబరు దగ్గర తడబడి, ప్రతివాది న్యాయవాది క్రాస్ పరీక్షలో చెమటలు తుడుచుకున్నాడు. ఈయన నీకెక్కడ కనిపించాడమ్మా అని అడిగితే, “సీనియర్ అన్న రికార్డులో ఉన్నాడండీ” అని నిజం చెప్పింది. ఆ అన్నకు ఏ అన్న ఇచ్చాడో, ఆయనకు ఎవరిచ్చారో! సమన్లు అక్కర్లేకుండా, దారి ఖర్చుల బత్తా అడగకుండా, చనిపోయాక కూడా ఏటేటా వచ్చి వాంగ్మూలం ఇచ్చిపోయే అంతటి శ్రద్ధ బతికున్న సాక్షులకు ఉంటే మా వాయిదాల డైరీ ఎప్పుడో సగమయ్యేది. మా ప్లీడరు గారు సంతకం పెట్టనన్నారు. అదే వీధిలో ఇంకో ఆఫీసులో అరగంటలో పని అయిపోయిందని తరువాత తెలిసింది.

ఇక తమరు తయారుచేసి పంపిన సరుకు మా చేతికి వచ్చాక జరిగేది చెబుతాను. ఒక దావాలో వాది హాజరు కాక డీఫాల్ట్ కింద డిస్మిస్ అయింది. దాన్ని తిరిగి నంబరు మీదికి తెచ్చుకోవడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9 రూల్ 9 కింద పిటిషన్ వేయాలి, గడువు 30 రోజులు. జూనియరు రాత్రంతా కూర్చుని సహజ న్యాయసూత్రాల మీద సుప్రీంకోర్టు తీర్పులు కుమ్మరించి, చదివితే కళ్లు చెమర్చే పిటిషన్ తయారుచేశాడు. దావా ఏ తేదీన డిస్మిస్ అయిందో అందులో ఎక్కడా లేదు. వాది ఆ రోజు ఎందుకు రాలేదో లేదు. వకాల్తాకు న్యాయవాదుల సంక్షేమ నిధి స్టాంపు లేదు, అఫిడవిట్‌లో కొట్టివేతల పక్కన పొడి సంతకాలు లేవు, అవతలి పక్షానికి నోటీసు పంపడానికి కట్టే బత్తా రుసుము లేదు, కేసు వివరాలు, కోర్టు ఉత్తర్వులు రాసే డాకెట్ షీటు అనేది ఒకటుంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు. మూడో రోజు ఫైలింగ్ సెక్షన్ నుంచి పిటిషన్ వెనక్కి వచ్చింది. దాని వెనుక ఎర్ర సిరాతో రాసిన ‘రిటర్న్’ అన్న మాట చూసి, “పిటిషన్ కొట్టేశారండీ” అంటూ అతను మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. కొట్టేయలేదు నాయనా, తప్పులు దిద్ది మళ్లీ పెట్టమన్నారు అని నేను చెప్పేదాకా మంచినీళ్లు ముట్టలేదు. ఆ తప్పుల్లో ఒక్కటి కూడా తమరి ప్రశ్నపత్రంలో ఎన్నడూ రాలేదు. కోర్టులో కాగితాలు ఎలా పెట్టాలో చెప్పే సివిల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్ అనే పుస్తకం మా ఆఫీసులో అట్ట ఊడి, దారంతో కుట్టించుకుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేతులు మారుతూ ఉంటుంది. దాన్ని చూసిన జూనియర్లు తొలిరోజు అడిగేది ఇదేం పుస్తకమండీ అనే. నా జీతమంతా ఆ ప్రశ్నలోనే ఉంది గనుక తమరికి మరొక్కసారి నమస్కారం.

తమరి బంధువర్గం సంగతి కూడా కొంత తెలిసింది. మా ప్లీడరు గారి మనవరాలు అమెరికాలో లీగల్ స్టడీస్ అనే నాలుగేళ్ల డిగ్రీ చదువుతోంది. అది పూర్తిచేస్తే లాయరు కాదు. దాని తరువాత లా స్కూల్లో మరో మూడేళ్లు జేడీ అనే లా డిగ్రీ చదవాలి. అక్కడి లా స్కూళ్లకు గుర్తింపునిచ్చే అమెరికన్ బార్ అసోసియేషనేమో లా స్కూలుకు ఫలానా డిగ్రీయే చదివి రమ్మని సిఫారసు చేయదట, చరిత్ర అయినా గణితమైనా సరేనంటుందట. అంటే లా చదువుకు ముందు చదివే లా చదువు, లా చదువుకు తప్పనిసరి కాదు. దీనికి తోడు నేను చేసే పనికి పారాలీగల్ అని పేరు పెట్టి దానికీ కోర్సులు నడుపుతున్నారు, వాటిని ఆమోదించేది కూడా ఆ అసోసియేషనే. ఇక్కడ ఆ పేరు 2009 నుంచి న్యాయసేవాధికార సంస్థలు తీసుకుంటున్న వాలంటీర్లకు పోయింది. నేను గుమాస్తాగానే మిగిలాను. కోర్సు లేని పనిని కోర్సు చదివినవారికి నేర్పుతున్నాను.

కొత్త చట్టాల విషయంలోనూ తమరు మాకు లోటు చేయలేదు. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. పాత శిక్షాస్మృతి ఐపీసీలో 511 సెక్షన్లుండగా దీనిలో 358. హత్య 302 నుంచి 103కు మారింది. కొత్తగా 302 అంటే మతభావాలను గాయపరిచే ఉద్దేశంతో మాటలనడం. ఆ ఏడాది పట్టా చేతపట్టుకుని బయటికొచ్చిన బ్యాచి బట్టీపట్టిందంతా పాత నంబర్లు. పోనీ పాతవి మరిచిపోదామంటే జూలై 1కి ముందు జరిగిన నేరాలకు పాత చట్టమే వర్తిస్తుంది. మా గోడకు రెండు నిలువు వరుసల పట్టిక ఒకటి అంటించి ఉంచాను, పాతది ఎడమ, కొత్తది కుడి. జూనియర్లు సెల్‌ఫోన్లతో దాన్ని ఫోటో తీసుకుంటారు.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచేది తమరి మీద తమ పెద్దలకే ఉన్న నమ్మకం. కాలేజీలకు గుర్తింపునిచ్చేదీ, సిలబస్ ఖరారు చేసేదీ బార్ కౌన్సిలే. ఆ కాలేజీలో ఆ సిలబస్ చదివి పాసైనవాడు పనికొస్తాడో లేదో అనుమానమొచ్చి 2010లో ఆలిండియా బార్ పరీక్ష పెట్టిందీ ఆ కౌన్సిలే. వంద ప్రశ్నలు, చట్టాల పుస్తకాలు దగ్గర పెట్టుకుని రాసుకోవచ్చు. ఆ పరీక్ష పెట్టే అధికారం దానికుందని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. జడ్జీ ఉద్యోగం కథ మరీ ముచ్చటగా ఉంటుంది: సివిల్ జడ్జి కావాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టువారు 1993లో అన్నారు, అక్కర్లేదు తమరు ఒక్కరుంటే చాలునని 2002లో అన్నారు, 2025 మే 20న మళ్లీ ఉండాలన్నారు. ఆ మూడేళ్లలో నేర్చుకోవలసింది ఎక్కడ నేర్చుకుంటారో తీర్పులు చదివే స్తోమత లేని నాకు తెలుసు: చాలామంది నా బల్ల పక్కన స్టూలు మీదే.

ఆ స్టూలు మీద కూర్చున్నవారికి నెలకు పట్టణాల్లో 20,000, గ్రామాల్లో 15,000 రూపాయలకు తగ్గకుండా ఇస్తే బాగుంటుందని బార్ కౌన్సిల్ 2024 అక్టోబరులో సీనియర్లకు ఒక సర్క్యులర్ పంపింది. అది సలహాయే గాని ఆజ్ఞ కాదు. మా ఆఫీసు టపాలు విప్పేది నేనే గనుక అది వచ్చిందో లేదో నన్నే అడగాలి. ఇంతవరకు ఎవరూ అడగలేదు. గుమాస్తా జీతానికి మించిన భత్యం జూనియరుకు ఇవ్వాలని రాసిన కాగితాన్ని బల్ల పైభాగాన పెట్టేటంత వెర్రివాణ్ణి కాను.

కాబట్టి తమరిని వేడుకునేది ఒక్కటే. ఎవరెన్ని చెప్పినా మారవద్దు. డాకెట్ షీటును సిలబస్‌లోకి రానివ్వవద్దు, నాజరు సెక్షన్ తలుపు ఏ వైపు ఉంటుందో పొరపాటున కూడా చూపించవద్దు, గట్టు తగాదా వాదిని మరో పదేళ్లు బోనులోనే నిలబెట్టండి.

ఇది రాస్తుండగానే మా అమ్మాయికి లాసెట్ సీటు వచ్చినట్టు మెసేజీ వచ్చింది. నవ్వకండి. ఎన్ని కాగితాలు కుట్టినా జడ్జి గారి ముందు నిలబడి నోరు విప్పే హక్కు 1961 నాటి అడ్వొకేట్ల చట్టం నాకివ్వలేదు, దానికి దారి తమరి చేతిలోనే ఉంది. వకాల్తా నింపడం, బత్తా లెక్క కట్టడం, రిటర్నైన పిటిషన్ దిద్ది మళ్లీ పెట్టడం అమ్మాయికి ఇంటర్ సెలవుల్లోనే వచ్చేశాయి. నత్త సంగతి తమరు చెప్పండి. ఫీజు మొదటి వాయిదా సోమవారం కడతాను, రసీదు ఇప్పించగలరు.

ఇట్లు
తమరి విధేయుడు,
ఒక ప్లీడరు గుమాస్తా