క్యాన్సర్ నయమైంది, కష్టం తీరలేదు

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముదిరాక వైద్యమంటే సాధారణంగా ఐదారు వారాలు రేడియేషన్, వారానికోసారి కీమో, చివర్లో లోపలి నుంచి ఇచ్చే బ్రాకీథెరపీ. ఊళ్లలో ‘కరెంటు పెట్టారు’ అని చెప్పుకునే ఈ వైద్యం ఖర్చును తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ భరిస్తున్నాయి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి పేదింటి ఆడవాళ్లకు పెద్ద ఆసరా. దేశంలో ఏటా లక్షా 20 వేల మందికి పైగా మహిళల్లో ఈ ఒక్క క్యాన్సరే కొత్తగా బయటపడుతోంది. అండాశయ, గర్భసంచి క్యాన్సర్లు దీనికి అదనం. వైద్యం చేయించుకుని బతికినవాళ్ల తర్వాతి జీవితం గురించి ప్రభుత్వాలు ఇప్పటికైనా ఆలోచించాలని మేం కోరుతున్నాం.

రేడియేషన్ పూర్తయ్యాక చాలామందిలో యోని మార్గం మెల్లగా బిగుసుకుపోతుంది, ఎండిపోతుంది. కలయిక నరకమవుతుంది. అది భార్యాభర్తల గొడవే కదా అని కొట్టిపారేయడానికి లేదు. మార్గం మూసుకుపోతే చెకప్‌లో డాక్టరు లోపల సరిగా పరీక్షించలేరు, జబ్బు తిరగబెట్టినా తొందరగా పట్టుకోలేరు. వైద్యం ముగిసిన కొన్ని వారాల నుంచి మార్గాన్ని తెరిచి ఉంచే డైలేటర్ అనే చిన్న సాధనాన్ని వారానికి రెండుమూడు సార్లు వాడితే ఈ బిగుతును చాలావరకు అడ్డుకోవచ్చు. కానీ దాన్ని ఎలా వాడాలో ఆమెకు ఎవరు చెప్పాలి? కిక్కిరిసిన ఓపీలో పక్కన పదిమంది నిలబడి ఉండగా ఏ ఆడమనిషీ ఈ సంగతి అడగదు. డాక్టరుకూ చెప్పే తీరిక ఉండదు. క్యాన్సర్ తనకూ అంటుకుంటుందనో, భార్య ఒంట్లో కరెంటు ఇంకా ఉందనో భయపడి దూరం జరిగే భర్తలున్నారు. ఈ జబ్బు అంటుకోదు, వైద్యం అయ్యాక ఒంట్లో రేడియేషన్ మిగలదు. ఈ రెండు ముక్కలూ భర్తను కూర్చోబెట్టి చెబితే ఎన్నో కాపురాలు నిలబడతాయి.

ఇంకా నలభై దాటని మహిళకు అండాశయాలు తీసేసినా, వాటికి రేడియేషన్ తగిలినా ముట్లు అర్ధాంతరంగా ఆగిపోతాయి. ఒంట్లోంచి ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు గుల్లబారడం మొదలవుతాయి. హార్మోన్ మందులు కొందరికి పనికొస్తాయి, కొందరికి పనికిరావు. ఆ తేడా చెప్పాల్సింది డాక్టరే, మందుల షాపు కాదు.

కాళ్ల వాపు సంగతి మరీ బాధాకరం. పొత్తికడుపులో లింఫ్ గ్రంథులు (ఒంట్లోని ద్రవాన్ని వడకట్టేవి) తీసేసిన ఏడాదికో, రెండేళ్లకో కొందరికి ఒక కాలు బరువెక్కి ఉబ్బుతుంది. ఊళ్లో చూసినవాళ్లు బోదకాలు అనుకుంటారు. ఆమె ఆ కాలితోనే నాట్లకు బురదలో దిగుతుంది. చిన్న గాయమైనా చీము పట్టి జ్వరం తెస్తుంది. బోదకాలు బాధితులకు కాలు కడుక్కోవడం, ఆరబెట్టుకోవడం, వ్యాయామం నేర్పే ఆరోగ్య సిబ్బంది మనకు ఇప్పటికే ఉన్నారు. ఆ బాధితులకు పింఛను కూడా ఇస్తున్నాం. అదే సిబ్బంది ఈ మహిళలకూ ఆ మెలకువలు నేర్పవచ్చు. వాపును అదుపులో ఉంచే బిగుతు మేజోళ్లు కొనుక్కునే స్తోమత కూలి చేసుకునేవాళ్లకు ఉండదు. వాటిని, డైలేటర్లను, ఫిజియోథెరపీని ఆరోగ్యశ్రీ, వైద్యసేవ పథకాల ప్యాకేజీలో స్పష్టంగా చేర్చాలి.

రేడియేషన్ ప్రభావం ఏళ్ల తర్వాత కూడా బయటపడొచ్చు. మలంలో రక్తం కనిపిస్తే మొలలనుకుని ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తారు. లేదంటే జబ్బు మళ్లీ వచ్చిందన్న టెన్షన్‌తో ఎవరికీ చెప్పకుండా కుమిలిపోతారు. ఏ భాగానికి రేడియేషన్ ఇచ్చారు, ఏ మందులు ఎక్కించారు, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి అన్నది తెలుగులో రాసిన కార్డు ఆమె చేతిలో ఉంటే పీహెచ్‌సీ డాక్టరుకూ దారి తెలుస్తుంది. మనసు బాగోనప్పుడు ఉచితంగా మాట్లాడటానికి టెలీ మానస్ నంబరు 14416 కూడా దాని మీద ఉండాలి.

మొదటి రెండేళ్లు మూడు నాలుగు నెలలకోసారి, తర్వాత ఐదేళ్ల వరకు ఆరు నెలలకోసారి చెకప్ అవసరం. రెండు రాష్ట్రాల్లోనూ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితమే. అయినా ఒక రోజు కూలి పోతుంది, తోడు వచ్చేవారికీ పోతుంది. జిల్లా ఆసుపత్రిలోనే వారానికి ఒక పూట ఈ మహిళల కోసం క్లినిక్ నడపడానికి కొత్త భవనాలు అక్కర్లేదు. శిక్షణ పొందిన నర్సు, ఫిజియోథెరపిస్టు, తలుపు వేసుకోగలిగే ఒక గది చాలు. చెకప్‌కు రాని మహిళ ఇంటికి వెళ్లి కారణం కనుక్కునే బాధ్యతను ఆశా కార్యకర్తకు అప్పగించి, అందుకు ఆమెకు విడిగా పారితోషికం ఇవ్వాలి. వచ్చే బడ్జెట్లలోనే రెండు ప్రభుత్వాలూ దీనికి నిధులు కేటాయించాలి.