మెగాపిక్సెల్ గారి దివ్యసముఖానికి

మహారాజరాజశ్రీ మెగాపిక్సెల్ గారికి,

నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలని ఉంది గానీ, ప్రస్తుతానికి కుశలమంతా మీ వైపే ఉంది. ఫోటోలోని పది లక్షల చుక్కలు (పిక్సెళ్లు) కలిస్తే ఒక మీరు. అట్టపెట్టె మీద మీరే, కెమెరా నుదుటి మీద మీరే, ధర పక్కన మీరే. ఏ రెండు కెమెరాలను పోల్చి చూద్దామన్నా పట్టికలో మొదటి గడి మీకు రిజర్వు అయిపోయి ఉంటుంది. లెన్స్ ఎలాంటిది, బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుంది, బటన్ నొక్కిన ఎంతసేపటికి ఫోటో పడుతుంది లాంటి అల్పవిషయాలు ఎక్కడో అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటాయి.

నా దగ్గర ఉన్నది చిన్న ఫిల్మ్ కెమెరా. రీలు వెతకడం, కడిగించడం, ప్రింట్లు వచ్చేదాకా ఎదురుచూడడం ఇక నా వల్ల కాదు. దాన్ని రిటైర్ చేసి, జేబులో పట్టే చవక డిజిటల్ కెమెరా ఒకటి కొనుక్కుందామనుకున్నాను. బడ్జెట్ చిన్నది. కోరికలు ఇంకా చిన్నవి. పిల్లలు నవ్వినప్పుడు ఆ నవ్వే పడాలి, నవ్వడం అయిపోయి ముక్కు గోక్కునే క్షణం కాదు. రాత్రిపూట ఇంట్లో లైటు వెలుగులో తీస్తే మనిషెవరో తెలియాలి. ఈ రెండింటిలోనూ తమరి ప్రసక్తి లేదు. అయినా సలహా అడిగిన ప్రతివాళ్లూ ముందు మీ పేరే ఎత్తారు. "పన్నెండా? ఈ రోజుల్లో పన్నెండేమిటండీ, కనీసం ఇరవై చూడండి!"

ఇరవైతో ఏం చేసుకోవాలో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. సరే, లెక్క వేసి చూశాను. ఆల్బమ్‌లో పెట్టుకునే 4×6 అంగుళాల ప్రింటును అంగుళానికి 300 చుక్కల చొప్పున నాణ్యంగా వేయించినా, కావలసింది 1200×1800. అంటే 2.16 మెగాపిక్సెళ్లు. గోడకు తగిలించే 8×10 ప్రింటుకు 7.2. ఫుల్ హెచ్‌డీ తెర నిండా పరిస్తే రెండు దాటి కాస్త, 4కె టీవీకి 8.3. మరి మిగతా డజను మంది ఏం చేస్తున్నట్టు? మెమరీ కార్డులో కాళ్లు చాపుకుని కూర్చున్నారా?

పైగా మీరు రెట్టింపైతే ఫోటోలో వివరం రెట్టింపు కాదు. మీ పెరుగుదల పొడవుకీ వెడల్పుకీ పంచుకోవాలి కదా. ప్రింటు వెడల్పు రెట్టింపు కావాలంటే మీరు నాలుగింతలు కావాలి. పన్నెండు నుంచి పదహారుకు ఎగబాకితే ఒక్కో వైపు పెరిగేది దాదాపు పదిహేను శాతం. ఆ పదిహేను శాతానికి కొత్త మోడల్, కొత్త పెట్టె, కొత్త ధర. పెట్టె మీద ఈ లెక్క ఎందుకు వేయరో నాకు అర్థమైంది, మీకు ఎప్పుడో అర్థమై ఉంటుంది.

మీరు కాపురం ఉంటున్న ఇంటి సంగతికి వద్దాం. 35 ఎంఎం రీలు వేసే మామూలు కెమెరాలో ఫ్రేము 24×36 మిల్లీమీటర్లు. అతి ఖరీదైన కెమెరాలోనూ అంతే, అతి చవక కెమెరాలోనూ అంతే. అంత సమానత్వం ఫోటోల లోకంలో మళ్లీ రాలేదు. వెలుగు తక్కువైతే, కొంచెం వెలుగునే పట్టగల 400 ఐఎస్‌ఓ రీలు వేసుకునేవాళ్లం, రంగులు నచ్చకపోతే ఇంకో కంపెనీ రీలు. డిజిటల్ కెమెరాలో రీలును లోపలే అతికించి అమ్ముతారు. కొన్న రోజు ఏ సెన్సర్ (రీలుకు బదులు వెలుగును పట్టే చిప్) వచ్చిందో, కెమెరా చచ్చేదాకా అదే. అలాంటప్పుడు కొనేవాడు మొట్టమొదట అడగాల్సింది ఆ సెన్సర్ సైజు. మీ మహిమ వల్ల అదే చివరన వస్తుంది.

చవక కాంపాక్ట్ కెమెరాల్లో సాధారణంగా ఉండేది 1/2.3 అంగుళాల సెన్సర్. కొలిస్తే సుమారు 6.2×4.6 మిల్లీమీటర్లు. ఫిల్మ్ ఫ్రేములో ముప్పయ్యో వంతు. కాస్త డబ్బు పోస్తే "1 అంగుళం" సెన్సర్ వస్తుంది. అది 13.2×8.8 మిల్లీమీటర్లు. పొడవు, వెడల్పు, ఐమూల, ఎటు కొలిచినా అంగుళం ఉండదు. పాతకాలపు టీవీ కెమెరాల్లో వాడిన గాజు గొట్టాల బయటి కొలతను ఇప్పటికీ లెక్కగా చెలామణీ చేస్తున్నారట. మీ ఇంటా వంటా ఉన్న కొలతలన్నీ ఇలాంటివేనేమో. అయినా ఆ అబద్ధపు అంగుళం మీ 1/2.3 కంటే నాలుగింతలు పెద్దది, కాబట్టి దాన్ని క్షమించేశాను.

ఇంత చిన్న జాగాలో మీరు రెండు కోట్ల మంది. తాతగారి అరెకరాన్ని మునిమనవళ్లు పంచుకున్నాక గట్లు తప్ప పొలం కనిపించనట్టు, ఒక్కొక్కరి వాటాకు 1.2 మైక్రాన్ల గడి వస్తుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో పడే వెలుగెంత? అందుకే సాయంత్రమయ్యేసరికి ముఖాల మీద ఇసుక చల్లినట్టు నాయిస్ వస్తుంది. దాన్ని కనబడనీయకుండా కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్ నున్నగా తుడిచేస్తుంది, దాంతో జుట్టు మైనంలా, గడ్డి పచ్చరంగు పూతలా తయారవుతాయి. ఇంకో సంగతి. ఎఫ్/2.8 దగ్గర (లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకుందో చెప్పే కొలత ఇది) ఎంత గొప్ప లెన్స్ అయినా ఒక వెలుగు చుక్కను సుమారు 3.7 మైక్రాన్ల కంటే చిన్నగా చేయలేదు. అది కాంతి స్వభావం, కంపెనీ తప్పు కాదు. అంటే ఒకే చుక్క మీద మీవాళ్లు ఏడెనిమిది మంది చేరి, అందరూ ఒకే కబురు చెబుతున్నారు.

చెప్పే కబురైనా పూర్తిగా చూసి చెబుతారా అంటే అదీ లేదు. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్‌కు 1976లో పేటెంట్ వచ్చిన పద్ధతి ప్రకారం, మీ రెండు కోట్లలో కోటి మందికి పచ్చ తప్ప మరో రంగు తెలియదు. యాభై లక్షల మందికి ఎరుపు, యాభై లక్షల మందికి నీలం. మిగతా రెండు రంగులూ పక్కవాణ్ణి అడిగి రాసుకోవడమే. పరీక్ష హాల్లో అయితే డిబార్ చేస్తారు. (నిజానికి ఇది చాలా తెలివైన పద్ధతి. కానీ వ్యంగ్యలేఖలో అంతకన్నా పొగడలేను.)

మీ వంశం మీద నాకు గౌరవం లేదనుకోకండి. 1975లో కొడాక్ ఇంజినీరు స్టీవ్ సాసన్ చేసిన తొలి డిజిటల్ కెమెరాలో మీరు నూరో వంతే ఉన్నారు. నూరు అడ్డం, నూరు నిలువు, నలుపు తెలుపు. ఒక్క ఫోటోను క్యాసెట్ మీద రాసుకోవడానికి 23 సెకన్లు. అక్కడి నుంచి పెరగడం అవసరమే. ఎక్కడ ఆగాలన్నదే మీకు తెలియలేదు. కెనాన్ వాళ్లకు మాత్రం ఒకసారి తెలిసింది. 2008లో పవర్‌షాట్ జి10ను 14.7 మెగాపిక్సెళ్లతో తెచ్చి, మరుసటి ఏడాది జి11ను పదికి దించి అమ్మారు. కొత్త మోడల్, తగ్గిన అంకె! ఆ రోజు మీ ఇంట్లో పొయ్యి వెలిగి ఉండదు.

అన్నట్టు, నా పిల్లల నవ్వు సంగతి మరిచిపోయాం. ఫిల్మ్ కెమెరాలో బటన్ నొక్కితే టక్‌మనేది, పని అయిపోయేది. ఈ చవక కాంపాక్ట్‌లో నొక్కగానే లెన్స్ కుయ్యిమని లోపలికీ బయటికీ కదులుతుంది, తెర మధ్య గడి అటూ ఇటూ తడబడుతుంది, అప్పుడు తీరిగ్గా ఫోటో పడుతుంది. దీనికో మందు ఉంది. బటన్‌ను సగమే నొక్కి పట్టుకుంటే ఫోకస్ ముందే కుదిరి, గడి ఆకుపచ్చగా మారుతుంది. వేలు ఎత్తకుండా ఆగి, నవ్వు రాగానే మిగతా సగం నొక్కాలి. కెమెరా చేతికి తీసుకోగానే చేయాల్సిన పరీక్ష ఇదొక్కటే. ఆ మిగతా సగానికి ఫోటో వెంటనే పడకపోతే, మీరు ఇరవై ఉన్నా నలభై ఉన్నా కెమెరాను తిరిగి ఇచ్చేయవచ్చు.

ఇక ఎండలోకి వెళితే వెనకాల తెరలో కనిపించేది నా ముఖమే. ఫిల్మ్ కెమెరాకు కన్ను ఆనించి చూసే కిటికీ ఉండేది. మోచేతులు పక్కలకు ఆనేవి, చెయ్యి వణికేది కాదు. చవక డిజిటల్‌లో ఆ వ్యూఫైండర్ పీకేసి, మీ కోసం పెట్టె మీద ఇంకో అంకె వేశారు.

కాబట్టి విన్నవించుకునేదేమంటే, నేను కొత్త ఇరవైని వదిలేసి పాత పదిని చూస్తున్నాను. సెన్సర్ 1/1.7 అంగుళాలైనా ఉండాలి, కన్ను ఆనించే కిటికీ ఉండాలి, కార్డు, బ్యాటరీ ఇప్పటికీ దొరికేవై ఉండాలి. లెన్స్ చుట్టూ ఉండే అంకెలు చదువుతున్నాను. 1:2.8–5.9 అని ఉంటే, జూమ్ చివరిదాకా లాగినప్పుడు లోపలికి వచ్చే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుందని అర్థం. అలాంటివి పక్కన పెడుతున్నాను. మీ అంకె ఎంతో చూడను. పొరపాటున కళ్లబడితే నమస్కారం పెడతాను.

ఇట్లు,
తమ దర్శనం కోరని
ఒక ఫిల్మ్ కెమెరా యజమాని

తా.క.: మీ తమ్ముడు డిజిటల్ జూమ్‌ను కెమెరా రాగానే మెనూలో ఆఫ్ చేస్తాను. ఫోటో మధ్య ముక్క కత్తిరించి సాగదీయడం నాకు కంప్యూటర్లో కూడా వచ్చు. మనసులో పెట్టుకోవద్దని చెప్పండి.