ముక్కు చూసి విమానానికి పేరు పెట్టేయకండి

రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ యుద్ధ విమానం మసక ఫొటో ఒకటి పెట్టడం, కింద 'మెస్సర్‌ష్మిట్ బీఎఫ్ 109 జీ-10' అని రాసేయడం. ఆధారమేంటని అడిగితే "ముక్కు చూడండి, తెలియట్లేదా?" అంటారు. తెలియదండీ! ముక్కు ఒక్కటీ చూస్తే ఎవరికీ తెలియదు.

1944 చివర్లో ఈ 109లో జీ-14/ఏఎస్, జీ-10, కే-4 అనే మూడు రకాలకూ, ఇంజన్లోకి గాలిని ఎక్కువగా నెట్టే పెద్ద సూపర్‌చార్జర్ ఉన్న ఇంజన్లే. అది పట్టడానికి ముక్కు రేకును దాదాపు ఒకే తీరులో నున్నగా మార్చారు. తేడా కావాలంటే కిందికి చూడాలి. ఆయిల్ కూలర్ లోతుగా ఉంటే జీ-10 గానీ కే-4 గానీ అయ్యుంటుంది. రేడియో మూత కాస్త పైకీ ముందుకూ జరిగి ఉంటే కే-4 అనుకోవచ్చు. కే-4 చక్రాలకు బయటి తలుపులు కూడా ఉంటాయి, కానీ వైమానిక దళం యూనిట్లలో వాటిని చాలాసార్లు పీకేసేవారు. పైగా లైప్‌త్సిగ్‌లో ఎర్లా కంపెనీ కట్టిన జీ-10లకు ముక్కు కింద ఉండాల్సిన చిన్న బొడిపెలు ఉండవు. ఇక మసక ఫొటోలో ఏం తేలుస్తాం?

అందుకే తోక మీది వెర్క్‌నుమ్మర్, అంటే ఫ్యాక్టరీ నంబర్ చూడమని మొత్తుకునేది. 490 వేల వరుసలో ఉంటే ఎర్లా జీ-10, 330 వేలలో ఉంటే రేగెన్స్‌బర్గ్ ఫ్యాక్టరీ కే-4. బ్రిటిష్ ఎయిర్ మినిస్ట్రీ ఇంటెలిజెన్స్ వాళ్లు కూలిన విమానాల దగ్గరికెళ్లి నంబర్ ప్లేట్లు చదివింది ఇందుకే. 1945 జనవరి 1న రేడియేటర్‌కు కౌజు పిట్ట తగిలి మరో రకం జర్మన్ యుద్ధ విమానం, ఫోకె-వుల్ఫ్ 190 డీ-9 బెల్జియంలో వెవెల్‌గెమ్ దగ్గర దిగిపోయింది. దాని నంబర్ 210079. ఇక ఆ విమానం ఏ రకమని వాదించే పనే లేదు.

అలాగని రికార్డు కూడా వేదం కాదు. నష్టాల నివేదికలో గుమాస్తా ఆ పెద్ద ఇంజన్‌ను సూచించే 'ఏఎస్' రాయడం మరిచిపోయినా అక్కడ మిగిలేది ఉత్త జీ-14. జీ-10లన్నీ పాత విమానాలకు మెరుగులు దిద్దినవేనన్న నమ్మకం కూడా ఇలాగే పుట్టింది. అరుదుగా కొన్నింటికి పాతదీ కొత్తదీ రెండు ప్లేట్లు దొరికేసరికి, అన్నీ అంతేనని అల్లేశారు. ఎక్కువ భాగం కొత్తగా కట్టినవే. పేరులో జీ-14 కన్నా చిన్న అంకె పది ఉన్నా, జీ-10లు యూనిట్లకు ఎక్కువగా చేరింది కే-4 మొదలైన తర్వాతే.

కాబట్టి నంబర్, ఉత్పత్తి వరుస, నష్టాల నివేదిక, ఫొటో కలిస్తేనే పేరు రాయండి. కలవకపోతే 'చివరి రోజుల 109' అని రాసి వదిలేయండి. తప్పు పేరు ఒక్కసారి పాకితే, తర్వాత వచ్చేవాళ్లు దాన్నే ఆధారంగా చూపిస్తున్నారు.