పాత ప్రోగ్రామ్‌ను కూల్చొద్దు, ఒక దారి వేయండి

వైజాగ్‌లో సాఫ్ట్‌వేర్ మాటెత్తితే ఇప్పుడు అందరి నోటా డేటా సెంటరే. పోర్టు దగ్గరి ఆఫీసుల్లో ఏళ్ల తరబడి నడుస్తున్న జావా ప్రోగ్రాముల ఊసు మాత్రం ఎవరికీ పట్టదు.

ఆ మధ్య ఓ షిప్పింగ్ ఏజెంట్ ఆఫీసుకు వెళ్లాను. మెయిల్లో వచ్చిన ఎక్సెల్ షీటు చూస్తూ ఒకమ్మాయి ఆఫీసు పాత జావా ప్రోగ్రామ్‌లో కంటైనర్ నంబర్లు కొడుతోంది. నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు. ఒక్క అంకె తప్పితే సాయంత్రం దాకా టెన్షనే. దీనికి వాళ్లకు అందిన సలహా: మొత్తం సిస్టమ్ కొత్తగా రాయించుకోండి! లక్షలు పోసి, పనిచేస్తున్నదాన్ని పడగొట్టమనడం అన్యాయం.

ఒక చోటి డేటాను ఇంకో చోటికి చేర్చే జావా సాధనం అపాచీ క్యామెల్ 2007 నుంచీ ఉచితంగా దొరుకుతోంది. దానికి విడిగా సర్వర్ అక్కర్లేదు, ఉన్న ప్రాజెక్టులోనే లైబ్రరీగా చేర్చుకోవచ్చు. ఫోల్డర్లో పడ్డ ఫైలును చదివి డేటాబేస్‌కు పంపే 'రూట్' (దారి) ఒక్కటి రాస్తే చాలు. చదివిన ఫైలును తానే పక్క ఫోల్డర్లోకి జరుపుతుంది. చూసిన ఫైలును మళ్లీ ముట్టొద్దని ఒక్క సెట్టింగ్‌తో చెప్పొచ్చు. నాకు బాగా నచ్చింది ఇంకొకటి. ఆటోస్టార్టప్, అంటే రూట్ దానంతటదే మొదలవడం, ఆపేస్తే ఆ రూట్ ఊరికే పడి ఉంటుంది. ఓడ వచ్చిన రోజు ప్రోగ్రామే దాన్ని లేపుతుంది, పని కాగానే ఆపేస్తుంది. మిగతా కోడ్ జోలికి పోనక్కర్లేదు.

ఇరవై లైన్ల కోడ్ సొంతంగా రాస్తే పోయేదానికి ఇంత ఎందుకంటారు కొందరు. కనెక్షన్ తెగితే మళ్లీ ప్రయత్నించడం, పాడైన వరుసను పక్కన పెట్టడం కూడా మీరే రాయాల్సి వచ్చినప్పుడు ఆ ఇరవై ఎక్కడ ఆగుతాయో చెప్పమనండి. క్యామెల్ 4వ వెర్షన్‌కు కనీసం జావా 17వ వెర్షన్ కావాలన్నది మాత్రం న్యాయమైన అభ్యంతరం. ప్రోగ్రామ్ జావా 8 మీదే ఉంటే క్యామెల్‌ను పక్కనే విడి ప్రాసెస్‌గా నడపొచ్చు.

అసలు లోపం మన చదువుల్లో ఉంది. ఫైనలియర్ ప్రాజెక్టు అంటే కొత్త యాప్ అనే నేర్పాం. పదేళ్ల కిందట ఇంకొకరు రాసిన కోడ్ చదివి, అందులో చెయ్యి పెట్టే ధైర్యం పిల్లలకు ఇవ్వలేదు. 2014లో హుద్‌హుద్ కొట్టిపోయాక ఊరిని వదిలేసి ఇంకో ఊరు కట్టుకున్నామా? పడిన స్తంభం నిలబెట్టాం, తెగిన తీగ కలిపాం. రుషికొండ, మధురవాడ కంపెనీలు ఇంటర్న్‌షిప్‌కు వచ్చే పిల్లల చేతికి ఒక పాత ప్రోగ్రామూ, ఫైళ్లు పడే ఒక ఫోల్డరూ ఇవ్వాలి. రెండింటినీ కలిపి చూపించమనాలి.