వైన్ ఎమ్యులేటర్ కాదండీ
విండోస్‌కి బదులు వాడే లినక్స్‌లో గేములాడటం గురించి మీరు రాసిన వ్యాసం బాగుంది గానీ, ‘వైన్ అనే ఎమ్యులేటర్‌తో లినక్స్‌లో విండోస్ గేములు ఆడొచ్చు, కాకపోతే నెమ్మది’ అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. 1993లో మొదలైన ఈ ప్రాజెక్టు పేరు విప్పి చదివితేనే ‘ఇది ఎమ్యులేటర్ కాదు’ అని వస్తుంది. ఎమ్యులేటరంటే మరో యంత్రాన్నే అనుకరించే సాఫ్ట్‌వేర్. వైన్ మాత్రం గేము విండోస్‌ని ఏదడిగినా లినక్స్‌కి అర్థమయ్యేలా చెప్పే దుబాసీ, అంతే. ప్రాసెసర్‌ని అనుకరించదు కాబట్టి అంత బరువుండదు. 2018లో వాల్వ్ కంపెనీ దీనికి డీఎక్స్‌వీకే జోడించి ప్రోటాన్ పేరుతో తన గేముల దుకాణం స్టీమ్‌లో పెట్టింది. విండోస్ వాడే డైరెక్ట్‌ఎక్స్ గ్రాఫిక్స్‌ని, లినక్స్‌లోనూ పనిచేసే వల్కన్ అనే గ్రాఫిక్స్ పద్ధతిలోకి మార్చేది డీఎక్స్‌వీకే. వాల్వ్ వాళ్ల చేతి గేమింగ్ పరికరం స్టీమ్ డెక్‌లో విండోస్ గేములు నడుస్తున్నది కూడా ప్రోటాన్ పుణ్యమే.

నేను మాత్రం మొదట్లో రెండు సాయంత్రాలు తగలేశాను. విండోస్ డ్రైవ్‌లో ఉన్న గేముల్నే ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) నుంచి తెరవబోయా. ప్లే నొక్కితే బటన్ ఓసారి మారి మళ్లీ మామూలే, ఎర్రర్ కూడా రాదు! తీరా చూస్తే, ప్రోటాన్ తన ఫోల్డర్లో ‘సి:’ అని ఒక లింకు పెట్టుకుంటుంది. పేరులో ఆ రెండు చుక్కలు విండోస్ పద్ధతిలో ఉండే ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌తో పేచీ. గేముల్ని లినక్స్ పద్ధతిలో ఉండే ఈఎక్స్‌టీ4 పార్టిషన్‌కి మార్చగానే దెబ్బకి తెరుచుకున్నాయి. మొదటిసారి షేడర్లు (ఆటలో బొమ్మలు గీసే చిన్న ప్రోగ్రాములు) సిద్ధమయ్యేలోపు టీ పెట్టుకోవచ్చు. ఆగలేక స్కిప్ కొడితే ఆటలో కుదుపులు తప్పవు.

కొనేముందు ఏ గేము ప్రోటాన్‌తో ఎలా నడుస్తుందో ఆటగాళ్లు చెప్పే ప్రోటాన్‌డీబీ సైట్‌లో గేము పేరు కొట్టి చూసుకోండి. అసలు చిక్కు ఆటలో మోసాల్ని పట్టే యాంటీ చీట్ సాఫ్ట్‌వేర్‌తోనే. వాలరెంట్ ఆటకి కాపలా కాసే వాన్‌గార్డ్ విండోస్ కెర్నల్లోనే, అంటే దాని గుండెలోనే కూర్చుంటుంది, ఇక్కడ దుబాసీ పప్పులుడకవు. మా తమ్ముడికేమో ఆ ఆట లేనిదే ముద్ద దిగదు. వాడి కోసం ఓ మూల విండోస్ అలాగే ఉంచాను.