నెలలో రెండోసారి వేసుకుంటే ఇక పిల్లలు పుట్టరా?

నాకు బాగా తెలిసిన ఒకామె మొన్న రాత్రి ఫోను చేసింది. పదమూడు రోజుల క్రితం అత్యవసర గర్భనిరోధక మాత్ర వేసుకుంది. మళ్లీ ఇప్పుడు కండోమ్ చినిగింది. రెండో మాత్ర తెచ్చుకుంది గానీ వేసుకోలేదు. రెండు రోజులుగా దాన్ని బల్ల సొరుగులో పెట్టుకుని, సొరుగు తీస్తూ మూస్తూ ఉందట. “అక్కా, ఒకే నెలలో రెండోసారి వేసుకుంటే ఇక పిల్లలే పుట్టరట, నిజమేనా?” అని అడిగింది. ఎవరన్నారంటే ఒక సందేశం పంపింది. అది అంతకుముందే నాకు ముగ్గురి నుంచి వచ్చి ఉంది.

ఆ సందేశం ఇది: “అక్కాచెల్లెళ్లకు హెచ్చరిక! అత్యవసర మాత్ర ఏడాదికి ఒక్కసారికి మించి వేసుకోకూడదు. ఒకే నెలలో రెండుసార్లు వేసుకుంటే గర్భసంచి దెబ్బతిని శాశ్వతంగా పిల్లలు పుట్టరు. ఒక్క మాత్రలో యాభై మాత్రల హార్మోను ఉంటుంది. అది లోపల అబార్షన్ చేస్తుంది. తరచుగా వాడితే ఒంటికి అలవాటైపోయి పనిచేయదు. అయినా ఒకటి వేసుకుంటే ఆ నెలంతా భయం లేదు, రెండోది దండగ. ఈ సంగతి ఏ డాక్టరూ చెప్పడు. తెలిసిన ప్రతి ఆడపిల్లకూ పంపండి.”

రాసినవారు ఒక్కసారి తిరిగి చదువుకున్నా బాగుండేది. గర్భసంచినే నాశనం చేసేంత ఘాటైన మందు, రెండు వాక్యాలు దాటేసరికి ఒంటికి అలవాటై పనిచేయని మందుగా మారిపోయింది. ఆ తర్వాతి వాక్యంలో మళ్లీ నెలంతా కాపలా కాస్తోంది.

ఆ కాపలా మాటతోనే మొదలుపెడతాను. మిగతావి భయపెడతాయి, ఇది నిజంగా కడుపు తెచ్చిపెడుతుంది.

“ఒకటి వేసుకుంటే ఆ నెలంతా భయం లేదు.” ఎక్కువమంది వాడేది లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల మాత్ర. అది చేసే పని ఒక్కటే, అండం విడుదలను వాయిదా వేయడం. మెదడు కింద ఉన్న పీయూష గ్రంథి నుంచి ఎల్‌హెచ్ అనే హార్మోను ఒక్కసారిగా ఎగసినప్పుడు అండాశయం నుంచి అండం బయటపడుతుంది. ఆ ఉధృతి మొదలవకముందే మాత్ర పడితే అది ఆగుతుంది. ఈలోగా లోపలికి చేరిన వీర్యకణాలు, మహా అయితే అయిదు రోజులు బతికేవి, చచ్చిపోతాయి. ఉధృతి మొదలయ్యాక వేసుకుంటే ఈ మాత్ర దాన్ని ఆపలేదు. 72 గంటల గడువు ఉంది కదా అని మూడో రోజు దాకా ఆగకూడదనేది ఇందుకే.

వాయిదా పడిన అండం ఏమవుతుంది? చాలాసార్లు ఆలస్యంగా వస్తుంది. నాకు ఫోను చేసినామె లెక్కే చూద్దాం. ఆమెది 28 రోజుల నెలసరి. పదో రోజున మొదటి మాత్ర వేసుకుంది. మామూలుగా అయితే పధ్నాలుగో రోజుకు అటూ ఇటూగా అండం వచ్చేది, దానికి అడ్డు పడింది. ఇప్పుడు ఇరవై ఒకటో రోజున కండోమ్ చినిగింది. రోజులు లెక్కపెట్టుకునేవారు ఇరవై ఒకటో రోజును నిశ్చింతగా ఉండాల్సిన రోజు అంటారు. మాత్ర వేసుకున్న నెలలో ఆ లెక్క చెల్లదు. పధ్నాలుగున రావాల్సిన అండం ఇరవైకో, ఇరవై రెండుకో రావచ్చు, ఆ నెలకు అసలు రాకనూ పోవచ్చు. మొదటి మాత్ర మందు వారం తిరిగేసరికి ఒంట్లో దాదాపు మిగలదు. అంటే కాపలా లేని వేళ, అండం రావడానికి వీలున్న వేళ, ఆమె చేతిలో సందేశం ఒకటి “రెండోది దండగ” అంటోంది. అత్యవసర మాత్ర వేసుకున్నాక అదే నెలలో మళ్లీ రక్షణ లేకుండా కలిసినవారికి గర్భం వచ్చే అవకాశం ఎక్కువని అధ్యయనాల్లో తేలింది కూడా. ఆ మాత్ర వెనకటి కలయికకే పనికొస్తుంది, ముందు రాబోయే దానికి పనికిరాదు. వేసుకున్న రోజు నుంచి మళ్లీ నెలసరి వచ్చేదాకా కండోమో, ఇంకో పద్ధతో ఉండి తీరాలి.

“గర్భసంచి దెబ్బతిని శాశ్వతంగా పిల్లలు పుట్టరు.” ఈ మాత్ర వల్ల ఆ తర్వాత గర్భం దాల్చే శక్తికి హాని లేదని, మళ్లీ గర్భం రావడంలో జాప్యం కూడా ఉండదని ప్రపంచ ఆరోగ్య సంస్థ విస్పష్టంగా చెబుతోంది. సంస్థ మాట చాలదనుకునేవారికి ఇంకో దారి ఉంది. అరుదుగా కలిసే దంపతుల కోసం, కలిసిన ప్రతిసారీ వేసుకునే మాత్రగా లెవోనార్జెస్ట్రెల్‌ను హంగరీలో 1970ల చివర్లోనే తయారుచేశారు. అలా నెలలో అనేకసార్లు వాడిన స్త్రీలపై జరిగిన 22 అధ్యయనాలను, మొత్తం 12,000 మందికి పైగా స్త్రీల వివరాలను, వైద్య అధ్యయనాలను పరిశీలించే కోక్రేన్ అనే సంస్థ సమీక్షకులు ఒకచోట చేర్చి చూశారు. ఎక్కువగా కనిపించిన ఇబ్బంది నెలసరి తేదీలు గాడి తప్పడం, మధ్యలో రక్తం కనిపించడం. 0.75 మిల్లీగ్రాముల మోతాదును అలా పదే పదే వాడినవారిలో ఏడాదికి నూటికి అయిదుగురికి పైగా గర్భం దాల్చారు. శాశ్వతంగా పిల్లలు లేకుండా చేసే మందైతే ఇంతమందికి కడుపు ఎలా వచ్చింది?

ఈ భయానికి మూలం ఏమిటో నాకు తెలుసుననుకుంటాను. మాత్ర వేసుకున్న నెలలో నెలసరి వారం ముందో వారం వెనకో రావచ్చు. నాలుగు రోజులకే కొంచెం రక్తం కనిపించవచ్చు. ఒకే నెలలో రెండు వేసుకుంటే ఈ గందరగోళం ఇంకా పెరుగుతుంది. కొన్ని డబ్బాల్లో మడిచి పెట్టే సన్నక్షరాల కాగితంలో ఒక వాక్యం ఉంటుంది: ఒకే నెలసరి చక్రంలో మళ్లీ వాడటం మంచిది కాదు, చక్రం అస్తవ్యస్తం కావచ్చు. అక్కడ ఉన్నది అంతే. ‘చక్రం’ అన్నచోట ‘గర్భసంచి’, ‘అస్తవ్యస్తం’ అన్నచోట ‘నాశనం’ చేరిపోవడానికి పది ఫోనులు దాటితే చాలు.

ఏడాదికి ఒక్కసారి అన్న పరిమితీ ఇలాంటిదే. గర్భనిరోధకాలను ఎవరు వాడవచ్చో చెప్పే ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల్లో ఈ మాత్రను మళ్లీ మళ్లీ వాడటం మొదటి వర్గంలో, అంటే ఆంక్షలు లేని వర్గంలో ఉంది. పక్కనే ఒక సలహా కూడా ఉంది: పదే పదే అవసరపడుతోందంటే ఆమెకు వేరే పద్ధతుల గురించి వివరంగా చెప్పాలని. వద్దని చెప్పడం వేరు, ఇంతకన్నా మంచిది ఉందని చెప్పడం వేరు. సందేశం రాసినవారికి ఈ తేడా అక్కరలేకపోయింది.

“యాభై మాత్రల హార్మోను.” ఇది గాలిలోంచి పుట్టలేదు, ఒక కూడిక ఉంది వెనక. పాలిచ్చే తల్లులకు కూడా ఇచ్చే ఒక రకం చిన్న మాత్రలో లెవోనార్జెస్ట్రెల్ 0.03 మిల్లీగ్రాములు ఉంటుంది. 1.5ను దానితో భాగిస్తే యాభై. సరే, కానీ మామూలుగా రోజూ వేసుకునే మాత్రలో అదే మందు 0.15 మిల్లీగ్రాములు. దానితో భాగిస్తే పది. ఒక పట్టీలోని 21 మాత్రలు కలిపితే 3.15 మిల్లీగ్రాములు. అంటే నెలంతా మాత్రలు వేసుకునే స్త్రీ ఒంట్లోకి వెళ్లే మందులో సగం కూడా ఈ ఒక్క అత్యవసర మాత్రలో లేదు. నెలలో రెండు వేసుకున్నా 3 మిల్లీగ్రాములే, ఆ పట్టీ కన్నా కాస్త తక్కువే. పైగా రోజువారీ మాత్రల్లో ఎక్కువ వాటిలో ఉండే ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఇందులో అసలు లేదు. రక్తం గడ్డకట్టే భయం ప్రధానంగా దాని వల్లనే.

ఇంకో సంగతి. అత్యవసర మాత్ర అంటే కడుపులో దేవినట్టు వాంతులు అన్న పేరు పాత పద్ధతి నుంచి వచ్చింది. 1974లో కెనడా వైద్యుడు ఆల్బర్ట్ యూజ్పే ఈస్ట్రోజెన్ కలిసిన మాత్రలను ఎక్కువ మోతాదులో ఇచ్చే విధానాన్ని ప్రచురించారు. 1998లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాదాపు 2,000 మంది స్త్రీలపై ఆ పద్ధతినీ లెవోనార్జెస్ట్రెల్‌నూ పోల్చి చూసింది. పాత పద్ధతిలో సగంమందికి వికారం, నూటికి దాదాపు 19 మందికి వాంతులు. కొత్తదానిలో వికారం నూటికి 23 మందికి, వాంతులు ఆరుగురికి లోపే. గర్భం వచ్చినవారు పాతదానిలో నూటికి 3.2, కొత్తదానిలో 1.1.

అబార్షన్ మాట ఒక్క ముక్కలో తేలిపోతుంది. గర్భస్రావానికి వాడేవి మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టోల్. అవి వేరే మందులు, వేరే పని. లెవోనార్జెస్ట్రెల్ అప్పటికే నిలిచిన గర్భాన్ని తీసేయదు, తెలియక వేసుకున్నా పిండానికి హాని చేయదు. ఈ విషయమై గందరగోళం ఉండకూడదనే 2022 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ మాత్ర సమాచార పత్రాన్ని సవరించింది.

“అలవాటైపోయి పనిచేయదు.” నొప్పి మాత్రలకో నిద్ర మాత్రలకో వర్తించే ఊహను తెచ్చి దీనికి తగిలించారు. ఈ మందుకు ఒళ్లు అలవాటుపడటమంటూ లేదు. పదే పదే నమ్ముకున్నవారికి ఎప్పుడో ఒకసారి విఫలమవడానికి కారణం లెక్కల్లో ఉంది. మాటవరసకు ఒక్కో వాడకానికి నూటికి రెండు వంతులు ముప్పు ఉందనుకుందాం. పదిసార్లు అయ్యేసరికి అది నూటికి పద్దెనిమిది దాకా పోతుంది. పదోసారి మాత్ర మొదటిసారి చేసిన పనే చేసింది. పాచిక అన్నిసార్లు వేస్తే ఎప్పుడో ఒకప్పుడు మనకు పడకూడనిదే పడుతుంది.

నా మటుకు ఈ మాత్ర మీద ఉన్న ఫిర్యాదు ఇదే. బలహీనమైన పద్ధతి. నెలకు మూడుసార్లు దీని అవసరం పడేవారు రోజువారీ మాత్రకో, కాపర్ టీకో మారితే వికారమూ తప్పుతుంది, నెలసరి తేదీ కోసం ఎదురుచూపులూ తప్పుతాయి. అసలు కాపర్ టీ కూడా అత్యవసర పద్ధతే, ఆ సంగతి చాలామందికి తెలియదు. కలిసిన అయిదు రోజుల్లోపు పెట్టించుకుంటే నూటికి 99కి పైగా పనిచేస్తుంది, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఉండనూ ఉంటుంది. దీనికి సాటి వచ్చే మాత్ర లేదు.

రెండోసారి వేసుకునేవారు నిజంగా తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి, సందేశంలో వాటి ఊసే లేదు. అత్యవసర మాత్రల్లో యులిప్రిస్టల్ 30 మిల్లీగ్రాములు అనే రెండో రకం ఉంది. ఎల్‌హెచ్ ఎగయడం మొదలైనా, శిఖరానికి చేరకముందైతే అది పనిచేస్తుంది, గడువు 120 గంటలు. ఈ రెండింటినీ దగ్గర దగ్గరగా కలపకూడదు. లెవోనార్జెస్ట్రెల్ ప్రొజెస్టిరాన్ అనే హార్మోను లాగా నటిస్తుంది, యులిప్రిస్టల్ ఆ హార్మోనుకు తలుపు మూసేస్తుంది. యులిప్రిస్టల్ వేసుకున్న అయిదు రోజుల్లోపు మళ్లీ అవసరమైతే అదే వేసుకోవాలి. లెవోనార్జెస్ట్రెల్ వేసుకుని వారం కాకపోతే మళ్లీ లెవోనార్జెస్ట్రెలే మేలు. యులిప్రిస్టల్‌తో కాలేయం పాడవుతుందన్న మాట కూడా తిరుగుతోంది. అది గర్భసంచి గడ్డలకు నెలల తరబడి రోజూ 5 మిల్లీగ్రాములు వాడినవారిలో కొందరికి జరిగిన హాని. ఐరోపా ఔషధ సంస్థ 2020లో ఆ వాడకానికే కళ్లెం వేసింది, ఒక్క మోతాదు అత్యవసర మాత్రకు కాదు.

మాత్ర వేసుకున్న రెండు మూడు గంటల్లో వాంతయితే మళ్లీ వేసుకోవాలి. క్షయకు రిఫాంపిసిన్, మూర్ఛకు ఫెనిటోయిన్ లేదా కార్బమజెపిన్ వాడుతున్నవారిలో ఈ మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చు. డాక్టరుకు ఆ సంగతి ముందే చెప్పాలి, వారికి కాపర్ టీ మంచిది. ఒకే రోజు రెండు మాత్రలు మింగితే రక్షణ రెట్టింపు కాదు. మధ్యలో రక్తం కనిపించినంత మాత్రాన గర్భం రాలేదని కాదు. పొత్తికడుపులో ఒకపక్క తీవ్రమైన నొప్పి వస్తే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

“ఏ డాక్టరూ చెప్పడు” అన్నారు. అడగాలంటే సిగ్గు, చెప్పేచోట చూసే చూపు, ఈ రెండూ నిజమే. వాటి మీద ఎవరైనా సందేశం రాస్తే నేనూ నలుగురికి పంపుతాను.

ఆ రాత్రి ఆమెను ఎన్ని గంటలైందని అడిగాను. వేళ్లమీద లెక్కపెట్టి అరవై దాటాయంది. ముందు ఆ సొరుగులోది వేసుకోమన్నాను, పొద్దున్నే వెళ్లి కాపర్ టీ గురించి అడగమన్నాను, ఇంకా రెండు రోజుల గడువు ఉంది. ఫోను పెట్టకుండానే రేకు చించిన చప్పుడు వినిపించింది, తర్వాత నీళ్లు తాగిన చప్పుడు. మూడు వారాలు లెక్కగట్టి గర్భ పరీక్ష చేసుకోవలసిన తారీఖు చెప్పాను. కేలెండర్ మీద రాసుకుంది. ఆ తారీఖు ఇంకా రాలేదు.