లీవర్లు పీకేసి క్యాబిన్‌ని కాపాడామంటే ఎలా?

బరంపురానికి దగ్గర్లో ఒక చిన్న స్టేషన్‌లో పాత సిగ్నల్ క్యాబిన్‌కి కొత్తగా రంగులేశారు. గోడలు మెరుస్తున్నాయి. లోపల మాత్రం ఖాళీ. సిగ్నళ్ళనూ, బండిని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మళ్ళించే పాయింట్లనూ కదిపే ఇనుప లీవర్లన్నీ పాత ఇనుము కింద పోయాయట. చూసి ఒళ్ళు మండిపోయింది.

అసలు ఆ గదికి ఆ ఆకారం వచ్చిందే లీవర్ల వల్ల. పైనున్న మనిషికి యార్డు అటు చివర నుంచి ఇటు చివర దాకా కనపడాలని చుట్టూ అద్దాల కిటికీలు పెట్టారు. కింది గది లాకింగ్ కోసం, అంటే ఒకదానికొకటి పొసగని లీవర్లు కలిసి లాగకుండా అడ్డుకునే ఏర్పాటు కోసం. పైన ఒక లీవర్ లాగితే కింద దానికి తగిలించిన ఇనుప పట్టీ కదులుతుంది. దాని గాడిలోని దిమ్మ పక్కకు జరిగి ఇంకో లీవర్ పట్టీ గాడిలో దూరుతుంది. అంతే, ఆ రెండోది ఎంత బలవంతుడు లాగినా రాదు. పాయింట్లు లూప్ లైనుకు, అంటే స్టేషన్లో బండ్లు పక్కకు ఆగే పట్టాకు, ఉండగా మెయిన్ లైనులో బండి పోవచ్చనే సిగ్నల్ పడదు. ఇలా సిగ్నళ్ళనీ పాయింట్లనీ ఒకదానికొకటి ముడిపెట్టే పద్ధతికి, అదే ఇంటర్‌లాకింగ్‌కి, జాన్ సాక్స్‌బీ 1856లోనే ఇంగ్లండులో పేటెంట్ తీసుకున్నాడు.

లీవర్ల రంగులు చూడండి. ఆపే సిగ్నళ్ళవి ఎరుపు, పాయింట్లవి నలుపు, వాటి లాక్‌లవి నీలం, ఖాళీగా ఉన్నవి తెలుపు. ఎండాకాలం మా వైపు లీవర్ నుంచి సిగ్నల్ దాకా పోయే తీగ సాగిపోయి సిగ్నల్ రెక్క సరిగ్గా కదిలేది కాదు, అందుకే తీగ బిగించుకునే ఏర్పాటు కూడా ఉండేది. కిరోసిన్ దీపం మంట పసుపు కాబట్టి, సిగ్నల్ ఆకుపచ్చగా కనపడాలని నీలిరంగు అద్దం పెట్టేవారు. ఎంత ఆలోచించి చేశారో!

మా బరంపురం మీదుగా పోయే ఈ లైను 1893-96 మధ్య ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే వేసింది. అప్పటికి మేం మద్రాసు ప్రెసిడెన్సీ, ఒడిశాలోకి వచ్చింది 1936లో. అంటే మా రాష్ట్రం కంటే ఈ పట్టాలే పాతవి.

2023 జూన్ 2న ఒడిశాలోని బాహానగా బజార్ స్టేషన్‌లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైనులోకి వెళ్ళి గూడ్సును గుద్దాక, ఇంటర్‌లాకింగ్ అనే మాట ప్రతి ఇంట్లో వినపడింది. మా బరంపురం మీదుగా పోయే బండే అది. అంత టెన్షన్ పడ్డామే, ఆ మాటకు అర్థం ఎంతమందికి తెలిసింది? ఇప్పటి ఎలక్ట్రానిక్ పద్ధతి వద్దని నేననను, అది కావాలి. కానీ పెట్టెలో జరిగేది కంటికి కనపడదు. పిల్లలు తమ చేత్తో లీవర్ లాగి, అది రాకపోతే ఎందుకు రాలేదో కిందికి దిగి చూడగలిగేది ఈ పాత క్యాబిన్‌లోనే.

మీ ఊళ్ళో లీవర్లున్న క్యాబిన్ మిగిలుంటే ఇప్పుడే రైల్వే డివిజన్ ఆఫీసుకి ఉత్తరం రాయండి. భవనం ఒక్కటే కాదు, లీవర్లూ కింది గదిలోని లాకింగూ ఉన్నచోటే ఉంచమని అడగండి. లీవర్లకున్న పలకలు కూడా. ఏ లీవర్‌కి ముందు ఏ నంబర్లు లాగాలో వాటిమీదే రాసుంటుంది.